చాటుగా వినేవానికి చెప్పిన అబద్ధం

దూత పలికే మాట అతనిది కాదు, పంపినవానిది. అందుచేత దూతను చంపరాదని అర్థశాస్త్రంలో కౌటిల్యుడూ, సుందరకాండలో రావణుని ఎదుట విభీషణుడూ చెప్పిన నీతి, మాటకూ దాన్ని మోసే మనిషికీ మధ్య ఒక హద్దు గీసింది. నౌకాదళంలో వైర్‌లెస్ టెలిగ్రాఫిస్టు, అంటే సందేశాలను మోర్స్ పద్ధతిలో చుక్కలూ గీతలుగా పంపుతూ, వచ్చినవాటిని విని రాసుకునే నావికుడు, ఈ కాలపు దూతే. అతని విషయంలో ఆ హద్దు ఎంతవరకు నిలుస్తుందన్నది తేలికైన ప్రశ్న కాదు. ఎందుకంటే 1971లో, భారత్-పాకిస్తాన్ యుద్ధం వేళ, విశాఖపట్నం ఎదుటి సముద్రంలో అబద్ధం పంపడమే అతని విధి అయింది.

విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతికి ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ ఏడాది నవంబర్ 14న కరాచీ నుంచి బయలుదేరింది. విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో దాచిన తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్, పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ను విశాఖ ఎదుటి సముద్రంలోకి పంపి, విక్రాంత్ అంతటి నౌక ఉందనిపించేటంత వైర్‌లెస్ సందడి చేయించారు. ప్రసారం ఎటునుంచి వస్తున్నదో శత్రువు పసిగట్టగలడు కనుక యుద్ధంలో నౌకలు సాధారణంగా రేడియో మౌనం పాటిస్తాయి. ఇక్కడ ఆ మౌనాన్ని కావాలనే భంగం చేశారు. అంతటితో ఆగక, విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడిన తల్లి క్షేమం అడుగుతున్నట్టు ఒక సొంత టెలిగ్రాంను రహస్యలిపి లేకుండా పంపించారు. డిసెంబర్ 3, 4 తేదీల నడిమి రాత్రి ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనని భారత్, సొంత మైన్ పేలడం వల్లనని పాకిస్తాన్ చెబుతున్నాయి.

తన మనసులోని ఎరుకను ఎదుటివానికి అందించడానికే మాట ఉందనీ, అది వంచించరాదనీ, భ్రమపెట్టరాదనీ, విన్నవానికి అందకుండా పోరాదనీ, ప్రాణులకు హాని చేసేదైతే సత్యం అనిపించుకోదనీ యోగసూత్రాలకు వ్యాసుడు రాసిన భాష్యం అంటుంది. ఒక్క అక్షరం తప్పకుండా అందించడమే వృత్తిగా గలవానికి ఇంతకన్న దగ్గరి నిర్వచనం దొరకదు. యుద్ధంలో తప్ప హింస చేయనన్న క్షత్రియుని నియమం సందర్భానికి కట్టుబడినదే గానీ అన్ని సందర్భాల్లోనూ నిలిచే మహావ్రతం కాదని కూడా ఆ భాష్యమే తేలుస్తుంది. యుద్ధం ఇచ్చేది మినహాయింపు, పుణ్యం కాదు.

అయినా వంచనలన్నీ ఒక్కటి కావు. అబద్ధమాడడన్న నమ్మకంతోనే ద్రోణుడు తన కొడుకు అశ్వత్థామ చనిపోయాడా అని ధర్మరాజును అడిగాడు. ఆ నమ్మకాన్నే ఆయుధం చేసుకున్నందువల్ల, అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం కిందికి దిగింది. నీటి అడుగున పొంచిన జలాంతర్గామి ఎవరినీ అడగలేదు, దాన్ని ఎవరూ పలకరించలేదు. చాటుగా వినేవానికి విన్నది నిజమై తీరాలన్న హక్కు లేదు. రాజ్‌పుత్ ప్రసారాలను ఈ భేదం కాపాడుతుంది. తల్లి పేరు చెప్పిన టెలిగ్రాం మాత్రం అంత సులువుగా బయటపడదు, ఎందుకంటే నిజంగా తల్లికి జబ్బు చేసిన మరో నావికుని టెలిగ్రాంపై కూడా అది అనుమానం కలిగిస్తుంది. ప్రాణ మాన రక్షణకు బొంకవచ్చునని శుక్రాచార్యుడు బలికి చేసిన బోధ పోతన భాగవతం చదివినవారందరికీ తెలుసు. బలి దాన్ని కాదన్నాడన్నదీ అంతే ముఖ్యం.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, అడవిని ఆనుకుని ఉన్న మెదక్ జిల్లా నర్సాపూర్ వంటి ఊరికి డిశ్చార్జి అయి వచ్చిన టెలిగ్రాఫిస్టును, యుద్ధంలో ఏం చేసినవు తాతా అని మనుమడు అడిగితే, అతను మాట దాటవేయవచ్చు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉద్యోగం వదిలిన తర్వాతా వర్తిస్తుంది, మౌనం అసత్యం కాదు. కల్పించి చెప్పే అనుమతి మాత్రం చాటుగా వినే శత్రువుతోనే పోయింది. మనుమడు నమ్మి అడిగినవాడు.

ఇక మిగిలేది హింస. ఆజ్ఞ ఇచ్చినవాడు వేరని చెప్పి దాన్ని పూర్తిగా దులుపుకోవడం కుదరదు. స్త్రీపర్వంలో ధర్మరాజు, దిక్కులేక పడి ఉన్నవారితో సహా రెండు పక్షాల మృతులకూ దహనం చేయించాడు. తెలంగాణలో పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్యన, పెద్దలకు ఇచ్చే తర్పణంలోనూ బంధువులు లేనివారికి విడిచే నీళ్లు ఉన్నాయి; ఘాజీలో పోయినవారి పేర్లూ గోత్రాలూ తెలియకపోవడం దానికి అడ్డు కాదు.