పాత తీగ, కొత్త బరువు

పనికొచ్చే వస్తువును పారేయడం తప్పు. పనికొస్తుందో లేదో చూడకుండా ఉంచేయడమూ తప్పే. మొదటిది మనకు ఇళ్లలోనే నేర్పారు. రెండోది నాకు నా వృత్తి నేర్పింది.

నేను ముంబయి తీరంలో చిన్న పడవలకు కరెంటు పని చేస్తాను. లంగరును పైకి లాగే మోటారును విండ్‌లాస్ అంటారు. అది పాడైతే యజమాని కొత్తది, పాతదానికంటే బలమైనది కొంటాడు. బ్యాటరీ నుంచి పడవ ముక్కు దాకా పోయిన తీగను మాత్రం "ఉన్నదే ఉంచండి" అంటాడు. ఆ మాటలో దురాశ లేదు. లోపలి పలకలన్నీ విప్పి తీగ మార్చడం మోటారు బిగించడం కంటే పెద్ద పని. పాత చీరను బొంత కుట్టుకునే ఇళ్లలో పెరిగిన మనకు ఆ పొదుపు సహజమే.

అయితే బొంతగా మారిన చీర మీద కొత్త బరువేమీ పడదు. తీగ మీద పడుతుంది. 12 వోల్టుల పడవలో 500 వాట్ల మోటారు సుమారు 40 ఆంపియర్లు తీసుకుంటే, 1000 వాట్లది 80 పైనే తీసుకుంటుంది. పోనూ రానూ 20 మీటర్ల పొడవు, 25 చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి తీగలో 40 ఆంపియర్లకు 22 వాట్లు వేడిగా పోతే, 80కి 90 వాట్లు పోతాయి. బరువు రెట్టింపైతే వేడి నాలుగింతలు. లంగరు బురదలో ఇరుక్కుని మోటారు తిరగలేక ఆగిపోతే కరెంటు ఇంకా పెరుగుతుంది. ఇదంతా కొత్త తీగ లెక్క. ఉప్పునీరు పట్టిన తీగకు పై తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి నల్లబడిపోతుంది.

"బ్రేకర్ మాటిమాటికీ పడిపోతోంది, పెద్దది వేసేయండి" అనేవారూ ఉన్నారు. బ్రేకర్ ముఖ్యంగా తీగను కాపాడటానికి. తీగ ఎంత ఓర్చుకోగలదో అంతకు మించినది వేయడమంటే, మొరుగుతోందని కాపలా కుక్క నోరు కట్టేయడమే.

పడవ ఆయనది, డబ్బు ఆయనది, కాదనడానికి నేనెవరిని? ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని గాలి లేచిన వేళ ముక్కు దగ్గర నిలబడి మీట నొక్కేది చాలాసార్లు జీతానికి వచ్చిన ఖలాసీ. మా బేరంలో అతను లేడు. ఒకరు ఒప్పుకున్న ప్రమాదాన్ని మరొకరు మోయడం ఒప్పందం ఎలా అవుతుంది?

అందుకే పాత తీగను పాతదన్న కారణంతో నేను తీసేయను. కొసలు కోసి, రాగి మెరుస్తోందో లేదో చూస్తాను. మందం లెక్క కడతాను. మోటారు బరువు లాగుతుండగా రెండు కొసల్లోనూ వోల్టేజి కొలుస్తాను. నెగ్గితే ఉంచుతాను, నెగ్గకపోతే ఆ పని ఒప్పుకోను.

నేను కాకపోతే ఇంకొకరు బిగిస్తారు, నిజమే. అప్పుడు పడవకు నావల్ల ఒరిగిందేమీ ఉండదు. కాబట్టి పని వదులుకుని వచ్చే ముందు ఆ ఖలాసీకి తీగ సంగతి చెప్పి వస్తాను. యజమానికి కోపం వస్తుంది. రానివ్వండి. తెలుసుకునే హక్కు ముందు అతనిది.