ఆర్పలేని పొయ్యి

మొన్న బెజవాడలో పెళ్ళికి బయల్దేరి, ఎల్బీనగర్‌లో బస్సు కోసం నిలబడ్డాక నాకు అనుమానం వచ్చింది. గ్యాసు కట్టేశానా, లేదా? మావారు విసుక్కున్నా వినకుండా, మా అమ్మాయిని తోడు తీసుకుని మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ ఇంటికి తిరిగొచ్చాను. కట్టేసే ఉంది! నవ్వకండి, మీకూ ఇలాంటివి జరిగే ఉంటాయి.

తిరుగు మెట్రోలో మా అమ్మాయి అంది, "కృష్ణబిలం ఓడలో అయితే నీకీ బెంగే ఉండదమ్మా. దాని పొయ్యికి ఆర్పే మీటే లేదు."

ఇంటర్ చదివే పిల్ల. అది చెప్పిందీ, తర్వాత నేను చదివిందీ కలిపి చెబుతాను. కృష్ణబిలమంటే వెలుతుర్ని కూడా మింగేసేది కదా. అయితే అది సన్నగా వేడిని బయటికి వదులుతుందని 1974లో స్టీఫెన్ హాకింగ్ లెక్క కట్టాడు. ఎంత చిన్నదైతే అంత వేడిట! 2009లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన లూయిస్ క్రేన్, షాన్ వెస్ట్‌మోర్‌లాండ్ ఆ లెక్క పట్టుకుని, ఒక బుల్లి కృష్ణబిలాన్ని మనమే తయారుచేసి, దాని వేడితో నక్షత్రాలకి ఓడ నడపొచ్చా అని ఆలోచించారు. వాళ్ళు లెక్క వేసిన ఒక బిలం బరువు సుమారు 6 లక్షల టన్నులు. గూడ్సు బండికి 4 వేల టన్నుల చొప్పున చూసినా 150 బళ్ళ బరువు. దాన్నంతా ప్రోటాన్ కంటే చిన్న చోట కుక్కాలి. ఇప్పటికిది కాగితం మీది లెక్కే. చెయ్యగల యంత్రం ఎవరి దగ్గరా లేదు.

ఎందుకింత తాపత్రయమంటారా? 1977లో బయల్దేరిన వాయేజర్-1 వేగంతో అయితే, సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్రమంత దూరం పోవడానికి 70 వేల ఏళ్ళు దాటుతుంది. ఆశ పడడంలో తప్పులేదు.

నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఆ బిలం తన వేడికి తానే కరుగుతుంది. కరిగే కొద్దీ ఇంకా మండుతుంది. మేత వెయ్యకపోతే మూడున్నరేళ్ళలో పేలిపోతుంది. మేత వేద్దామన్నా అంత చిన్న నోట్లోకి, అంత సెగలో వెయ్యడం మాటలు కాదు. తిండి ఆలస్యమయ్యే కొద్దీ మంట పెరగడం మావారి దగ్గర చూశాను గానీ, ఆయన అన్నం పెడితే చల్లారతారు!

"నిప్పు పుట్టించిన రోజున కూడా నీలాంటి అమ్మ ఒకతి ఇలాగే భయపడి ఉంటుంది," అంది మా అమ్మాయి.

"పడే ఉంటుంది. కానీ దాని మీద నీళ్ళు పోస్తే ఆరింది. ఆర్పడం చేతకానిదాన్ని వెలిగించే హక్కు మనకుందా? వెలిగించేది ఒకరు, దాని పక్కన కూర్చుని ప్రయాణం చెయ్యాల్సింది ఇంకొకరూనా?"

అది జవాబు చెప్పలేదు. కిటికీలోంచి కిందికి చూస్తోంది. కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు. కాసేపాగి, చాలా మామూలుగా, "నువ్వు వెలిగించలేదూ?" అంది.

ఏమిటని అడగలేదు నేను. ఐఐటీ మాట దాని చెవిలో వేసింది నేనే, ఎనిమిదో క్లాసులో. పోయిన నెల ఒక రాత్రి పుస్తకం మీద తల వాల్చి, "ఆపేస్తే ఏమంటావమ్మా?" అని అడిగితే, "ఇంత దూరం వచ్చాకా?" అన్నదీ నేనే.

గ్యాసు కోసం బస్సు వదులుకుని వెనక్కి వచ్చినదాన్ని, ఆ రాత్రి ఆ మాట దగ్గరికి మాత్రం వెనక్కి వెళ్ళలేదు.

ఎల్బీనగర్‌లో మెట్లు దిగుతూ చెప్పాను. "నీకు వద్దనిపిస్తే ఆపేద్దాం. నిజంగానే." అది నమ్మిందో లేదో తెలీదు. నా చేతిలోని సంచీ మాత్రం తను అందుకుంది.

నక్షత్రాలకి వెళ్ళొద్దనడానికి నేనెవర్ని? వెళ్ళాల్సిందే. కానీ ఏది వెలిగించే ముందైనా ఆర్పే మీట ఎక్కడుందో ఒకసారి వెతికి చూడాలనిపిస్తుంది. మీరేమంటారు?