బిషప్ పదవి: సంఘానికి ప్రాణమా, ఏర్పాటా?

బిషప్ లేని క్రైస్తవ సంఘం పూర్తి సంఘమేనా అన్న వాదం 16వ శతాబ్దపు ఇంగ్లండులో పదునెక్కింది. రోమ్‌తో తెగతెంపులు చేసుకున్నా ఆ దేశపు సంఘం బిషప్పులను వదులుకోలేదు. 1559లో మాథ్యూ పార్కర్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా అభిషేకం పొందడంతో పాత పరంపర కొత్త సంఘంలోనూ కొనసాగింది. 1570లో కేంబ్రిడ్జి అధ్యాపకుడు థామస్ కార్ట్‌రైట్ దీన్ని ఎదిరించాడు. కొత్త నిబంధనలో బిషప్పు, సంఘపెద్ద వేరువేరు కారనీ, ఒక సేవకుడికి తోటి సేవకుల మీద పెత్తనం తగదనీ అతని వాదన.

దీనికి నిలకడైన జవాబు రిచర్డ్ హూకర్ (1554–1600) రాసిన సంఘ పరిపాలనా సూత్రాల గ్రంథం. రక్షణకు కావలసినదంతా లేఖనాల్లో ఉందని అతను ఒప్పుకున్నాడు. పరిపాలనలోని ప్రతి వివరాన్నీ అక్కడే వెతకనక్కర్లేదన్నాడు. బిషప్ పదవి అపొస్తలుల కాలం నాటిదే అయినా, అది నిలిచింది సంఘపు సమ్మతి వల్ల, దీర్ఘకాలపు ఆచారం వల్ల. బిషప్పులు అహంకారంతో భరించరానివారైతే ఆ పదవిని తీసేసే హక్కు సంఘానికి ఉంటుందన్న హెచ్చరిక కూడా అతనిదే. ఆ మాట ఉన్న ఏడో భాగం అతను పోయిన చాలా ఏళ్లకు, 1662లో అచ్చయింది.

ఈలోగా పార్లమెంటు 1646లో బిషప్ పదవిని రద్దు చేసింది. 1660లో రాజుతో పాటు బిషప్పులూ తిరిగి వచ్చారు. 1662 నాటి చట్టం బిషప్ చేతి అభిషేకం లేనివారిని గురువు పదవి నుంచి తప్పించింది. 1784లో మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ, తాను బిషప్ కాకపోయినా, అమెరికా పనికోసం కొందరిని అభిషేకించాడు. ఆదిసంఘంలో బిషప్పు, పెద్ద ఒకే వరుసవారని అతని నమ్మకం.

ఆ వెస్లీ బాటలోని మెథడిస్టు మిషనే 19వ శతాబ్ది చివర నిజాం రాజ్యంలోకి వచ్చింది. మెదక్, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల పల్లెల్లో, ముఖ్యంగా మాల, మాదిగ వాడల్లో, దాని సంఘాలు పెరిగాయి. రోజువారీ ప్రార్థన నడిపేది ఉపదేశకుడు. ప్రభు భోజన సంస్కారం ఇచ్చేది అభిషేకం పొందిన అయ్యగారు. ఆ పైన ఉండేది మిషను జిల్లా చైర్మన్. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనుకుని కట్టించిన మెదక్ మహా దేవాలయాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. మరో 23 ఏళ్లపాటు ఆ సంఘానికి బిషప్ లేడు.

పొరుగున ఉన్న దోర్నకల్‌లో కథ వేరు. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఇంగ్లండు సంఘ సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా దోర్నకల్ బాధ్యత చేపట్టాడు. 1919లో తరంగంబాడిలో జరిగిన, వేర్వేరు సంఘాలను ఒకటి చేసే ఐక్యతా చర్చల్లో ముందు నిలిచినవారిలో అతనొకడు. బిషప్ పదవిని కాదనకుండానే, దాన్ని విభజనకు సాకు కానివ్వకూడదన్నది అతని తీరు. 1945 జనవరి 1న చనిపోయిన అజరయ్య ఆ ఐక్యతను చూడలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. ఇకపై గురువులందరికీ బిషప్ చేతుల మీదుగానే అభిషేకం జరగాలి. అయితే అప్పటికే సేవలో ఉన్న మెథడిస్టు గురువులకు మళ్లీ అభిషేకం అక్కర్లేదు. బిషప్ పదవిని స్వీకరించిన సంఘ రాజ్యాంగం, దాని అర్థం ఇదేనని ఏ ఒక్క సిద్ధాంతాన్నీ రుద్దలేదు. మెథడిస్టు గురువైన ఫ్రాంక్ విటేకర్ మెదక్ బిషప్ అయ్యాడు.

ఈ రాజీని అందరూ ఒప్పుకోలేదు. కవి టి.ఎస్. ఎలియట్ 1943లోనే ఇంగ్లండులో ఈ ఐక్యతా ప్రణాళికపై విమర్శ ప్రచురించాడు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు పెద్ద సంఖ్యలో బయటే ఉండిపోయారు. బిషప్ అభిషేకం లేని గురువు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా అన్న సందేహం వారికి చిన్నది కాదు. 1975లో గానీ నంద్యాల ఈ సంఘంలో కలవలేదు.

1978లో గోదావరికి ఇరువైపులా ఉన్న సంఘాలతో కరీంనగర్ డయాసిస్ (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం) ఏర్పడింది. బిషప్ అవసరం లేదన్న సంప్రదాయం వేళ్లూనిన ఈ నేలకు సొంత బిషప్ వచ్చాడు. అయితే ఈ బిషప్ పార్లమెంటు చట్టం నిలబెట్టిన ప్రభువు కాడు. డయాసిస్ కౌన్సిల్ ఓట్లతో పేర్ల జాబితా ఇస్తే, అందులోంచి సినడ్ (మొత్తం సంఘపు అత్యున్నత సభ) తరఫున ఒకరిని ఎంపిక చేస్తారు. తర్వాత తోటి బిషప్పులు చేతులుంచి అభిషేకిస్తారు. పరంపర అభిషేకంలో, సమ్మతి ఎన్నికలో కనిపిస్తాయి. హూకర్ తర్కానికి ఇది దగ్గరగానే ఉంది: పదవికి ప్రాచీనత గౌరవం తెస్తుంది, దాన్ని నిలబెట్టేది సంఘపు ఒప్పుకోలే. ఆ ఒప్పుకోలు నిజమైనదిగా ఉండాలంటే ఎన్నిక నిజాయితీగా జరగాలి, బిషప్ కౌన్సిల్‌కు జవాబు చెప్పాలి. ఈ రెండూ లోపించిన చోట కార్ట్‌రైట్ అభ్యంతరం మళ్లీ బలం పుంజుకుంటుంది.