ఎవరూ అడగని రోడ్డు

తెలుగులో యాత్రల పుస్తకం అనగానే అందరూ ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర పేరు చెబుతారు. 1830లో మద్రాసులో బయల్దేరి పదిహేను నెలలు తిరిగొచ్చాడు. మంచి పుస్తకమే, నేను డిగ్రీలో చదివాను, యిప్పటికీ అప్పుడప్పుడు తీస్తుంటాను. కాకపోతే ఆయన పల్లకీలో పోయాడు. మోసిన బోయీలు కూడా అదే కాశీకి పోయారు, అవే ఏళ్ళు దాటారు, అవే ఎండలు పడ్డారు. వాళ్ళ కాశీయాత్ర ఎక్కడుంది? ఎవరు రాశారు?

మావాళ్ళు దారి పట్టడం అంటే బతకడానికి పోవడం. కోతలకి పోయారు, పొగాకు బేరన్లకి పోయారు, రంగూన్ పోయారు. ఊరికే చూడ్డానికి పోవడం అనేది మా వాడలో లేదు. అందుకే అరవయ్యేళ్ళు దాటాక మా అక్క కొడుకు "మావయ్యా, టిక్కెట్టు పంపిస్తున్నా, ఓ పదహారు రోజులు కారేసుకొని యూరప్ తిరిగొద్దాం రా" అన్నప్పుడు ముందు నాకు సిగ్గేసింది. పనిలేకుండా తిరగడమేంది అనిపించింది.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతా. బ్యాంకు కాగితాలు, అల్లుడి ఆహ్వానం, 30,000 యూరోలకి తగ్గని వైద్య బీమా, వేలిముద్రలు. పుట్టిన వూరు అడిగారు, పెళ్ళయిందా అని అడిగారు. కులం గడి లేదు. బళ్ళో చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా నా బతుకును తేల్చిన కాగితాల్లో ఆ గడి వుండేది. దాన్ని తిట్టను. దానివల్లే హాస్టల్లో అన్నం తిన్నాను, పంతులుద్యోగం చేశాను. అది పోరాడి తెచ్చుకున్న గడి. అడక్కుండానే వూళ్ళో మా మొహాన రాసిన కులం వేరు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయల్దేరాం. నేను, అల్లుడు, వాడితో పనిచేసే యిద్దరు తెలుగు కుర్రాళ్ళు. మంచి పిల్లలు. నా పెట్టె వాళ్ళే మోశారు, ముందు సీటు నాకిచ్చారు. కారింకా ఆటోబాన్ ఎక్కలేదు, వెనకనుంచి ఒకడు "అంకుల్, మీదే వూరు?" అన్నాడు. చీరాల దగ్గరన్నాను. "మా పిన్నిగారిదీ ఆ పక్కే. ఇంటిపేరేంటంకుల్?" చెప్పాను. మా ఇంటిపేరు మూడు కులాల్లో వుంది. వాడికి లెక్క తేల్లేదు. "అంటే మీరు..." అని ఆగాడు.

"మాదిగోళ్ళం బాబూ" అన్నాను.

కార్లో ఎవరూ ఏమీ అనలేదు. రెండోవాడు పాట సౌండు పెంచాడు. కాసేపటికి నాకు నీళ్ళ సీసా అందించాడు, అవసరానికి మించిన మర్యాదగా. వాళ్ళని చెడ్డవాళ్ళని అనను. అయితే అద్దంలో చూశాను, వాళ్ళ చూపు నామీద లేదు, నా అల్లుడి మెడ మీద వుంది. వాడి ఇంటిపేరు వేరు. నాలుగేళ్ళుగా వాణ్ణి వాళ్ళు ఏదో ఒకటనుకుంటున్నారు. వాడు ఔననలేదు, కాదనలేదు.

మొదటి మజిలీ షెంగెన్. వీసా మీద పేరున్న ఆ షెంగెనే. లక్సెంబర్గ్‌లో మొసెల్ నది ఒడ్డున ద్రాక్షతోటల మధ్య చిన్న వూరు. వంతెన దాటితే జర్మనీ, రోడ్డు వెంట నాలుగడుగులు పోతే ఫ్రాన్స్. చరిత్రకన్నా పెట్రోలు బంకుల దగ్గర రద్దీ ఎక్కువ, అక్కడ పెట్రోలు చవక. 1985 జూన్ 14న అయిదు దేశాలవాళ్ళు ఆ నదిలో ఒక పడవమీద కూర్చొని, మా మధ్య సరిహద్దు తనిఖీలు వొద్దని సంతకాలు చేశారు. నలభై ఏళ్ళ కిందట ఒకరి నగరాలు ఒకరు బూడిద చేసుకున్నవాళ్ళు వాళ్ళు.

ఆ తేదీ చదివి నేనక్కడే నిలబడిపోయాను. 1985 జూన్ 14. అప్పటికి సరిగ్గా నెలా మూడ్రోజులకి, జూలై 17న, కారంచేడు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన మాట ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. నేనప్పుడు చీరాలలో చదువుకుంటున్నా. వూరొదిలి వొచ్చినవాళ్ళ శిబిరం చూశాను. దేశాలకి దేశాలే గీత చెరుపుకుంటున్న ఏడాదిలో మాకు చెరువు గట్టుకీ పల్లెకీ మధ్య గీత దాటితే చావు. యూరప్ గొప్పదని చెప్పడానికి యిది రాయడంలేదు. 2024లో జర్మనీ తన సరిహద్దులన్నిటిమీదా మళ్ళీ తనిఖీలు పెట్టింది. వంతెనకవతల పోలీసులు కొన్ని బళ్ళని పక్కకి తీయిస్తున్నారు, కొన్నిటిని పోనిస్తున్నారు. తీయించినవాటిలో వున్న మొహాలు నల్లవి.

బంకు దగ్గర కుర్రాళ్ళు కాఫీకి పోయినప్పుడు అల్లుడు నోరు విప్పాడు. "ఎందుకు చెప్పావు మావయ్యా?"

"అడిగాడు, చెప్పాను. నా కులం నేను చెప్పుకున్నాను."

"నీది చెబితే నాదీ చెప్పినట్టే. యిక్కడ తెల్లోడెవడూ అడగడు. అడిగేది మనోళ్ళే. అడిగేవాడికి జవాబు చెప్పాల్సిన బాకీ నాకేంటి? హైదరాబాద్‌లో నిజం చెప్పి నాలుగిళ్ళు పోగొట్టుకున్నాను. యిక్కడ ఎనిమిది గంటలు పనిచేసి యింటికొచ్చి నిద్రపోతున్నాను. ఆ నిద్ర నాకు మొదటిసారి దొరికింది."

వాడి మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మనలో కొందరు కులం దాచుకున్నవాణ్ణి ద్రోహి అంటారు. ఆ మాట నా నోట రాదు. అడిగేవాడి చేతిలో కర్ర వున్నప్పుడు జవాబు చెప్పనివాడు అబద్ధాలకోరు కాడు.

పైగా వాడు చదివినవాడు. బాబాసాహెబ్‌నే నా మీదికి తెచ్చాడు. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని చిన్న పుస్తకం రాసుకున్నాడు. పేరు వీసా, లోపలున్నవి చాలావరకు స్వదేశపు దారులు. 1901లో పిల్లలు తండ్రి దగ్గరికి పోతుంటే కులం తెలిసిన బండివాడు బండి తోలనన్నాడు. రెట్టింపు బాడుగ తీసుకొని, పిల్లల్నే తోలుకోమని, తాను పక్కన నడిచాడు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగా యిచ్చారుగానీ తోలడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చేతకాని తనవాడొకడు తోలితే ప్రమాదమై కాలు విరిగింది. ఆ రెంటికీ నడుమ బరోడా. అమెరికా, యూరప్‌లలో అయిదేళ్ళున్నాక తాను అంటరానివాణ్ణనే సంగతే మనసులోంచి తుడిచిపెట్టుకుపోయిందని రాశాడాయన. తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగానికి పోతే దిగడానికి చోటు లేక, పారసీ పేరుతో పారసీ సత్రంలో చేరాడు.

"ఆయనా పేరు దాచాడుగా మావయ్యా?"

దాచాడు. గబ్బిలాలు తిరిగే చీకటి మేడమీద ఒక్కడే పడుకున్నాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకొని వొచ్చారు. నేను అల్లుణ్ణి అడిగింది అదే. ఆ పది రాత్రులూ ఆయన నిద్రపోయి వుంటాడంటావా? నన్నెవరూ అడగకపోవడం ఒకటి, నేనెవరో తెలిసీ నా పక్కన కూర్చోవడం ఒకటి. మొదటిది దొరికితే ఆయాసం తీరుతుంది. అది చిన్నదేం కాదు, మా అయ్యకి అదీ దొరకలేదు. వూరి నడివీధిలో సైకిలు దిగి నడిపించుకుంటూ పోయాడు బతికినంత కాలం. కానీ మొదటిదాన్నే రెండోది అనుకుంటే, ఒక ఇంటిపేరు ప్రశ్నతో నాలుగేళ్ళ నిద్ర పోతుంది. ఆ ఉదయం పోయింది కదా.

మెట్జ్ దాటాక హైవే పక్కన, ఫ్యాక్టరీ షెడ్ల వెనక, ఇనప కంచెలో వరసగా కారవాన్లు కనపడ్డాయి. బట్టలారేసి వున్నాయి, పిల్లలాడుతున్నారు. తిరిగే జనానికి విడిది స్థలం అది. అయిదువేలు దాటిన ప్రతి వూరూ చోటు చూపాలని 2000లో చట్టం చేశారు. చోటు చూపిందేమో అక్కడ. వూరికి బయట, పొగ గొట్టాల పక్క. ఆ వాసన నాకు తెలుసు.

వాళ్ళలో ఒక జాతి పేరు మనూష్. వెయ్యేళ్ళ కిందట మన దేశం నుంచి పోయిన రోమా జనం శాఖ. వాళ్ళ భాషలో ఆ మాటకి మనిషి అనే అర్థం, నీళ్ళని పానీ అంటారు. 1912లో ఫ్రాన్స్ ఒక చట్టం చేసి సంచారుల చేతికి ఒక పుస్తకం యిచ్చింది. ఫోటో, వేలిముద్రలు, ఒంటి కొలతలు అందులో వుండాలి, ఏ వూరొచ్చినా ముద్ర వేయించుకోవాలి. అంతకు ఏడాది ముందే, 1911లో, బ్రిటిష్‌వాడు నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చి మా స్టువర్టుపురం ఎరుకలోళ్ళ వేళ్ళకీ సిరా పూశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ సంచారుల్ని క్యాంపుల్లో పెట్టింది. 1945లో దేశానికి యుద్ధం అయిపోయింది, వాళ్ళలో చివరివాళ్ళు బయటికొచ్చింది 1946లో. ఆ పుస్తకాలు పేరు మార్చుకొని 2017 దాకా బతికాయి.

కారులో యిదంతా నేను చెబుతుంటే అల్లుడు అన్నాడు, "చూశావా, వాళ్ళకి దాచుకునే వీలు కూడా లేదు. నాకుంది. వున్నదాన్ని వాడుకోవద్దంటావా?"

వాడుకోమన్నాను. ఎన్నాళ్ళు అని మాత్రం అడిగాను. "నాకు పిల్ల పుట్టిందాకా" అన్నాడు. దానికేం పేరు పెడతావు, దాన్ని ఏ వూరిదని చెబుతావు అంటే మాట్లాడలేదు. కాసేపాగి, "నువ్వు పెన్షన్ తీసుకుంటున్నావు కాబట్టి చెప్పగలవు మావయ్యా" అన్నాడు. అదీ నిజమే.

స్ట్రాస్‌బర్గ్ యింకా డెబ్భై కిలోమీటర్లుంది. వెనక సీట్లో కుర్రాళ్ళు కళ్ళు మూసుకున్నారు, నిద్రపోతున్నారో వింటున్నారో తెలీదు. మేం మాత్రం గొంతు తగ్గించలేదు.