పురుష ప్రయత్నము – దైవానుగ్రహము

సంసారమును సాగరముతో పోల్చుట మన పెద్దలకు పరిపాటి. హరికథలలోను, ఇంటి భజనలలోను ఆ మాట వినని వారుండరు. వినివిని అది మనకు తేలికయైనది. చిన్న నావలో నెలల తరబడి కడలిపై గడపిన వారికి మాత్రము అది ఉపమానము కాదు, అనుభవము. అట్టి యాత్ర నొకదానిని స్మరించుచు, భక్తులను తరతరములుగా వేధించుచున్న ఒక సందేహమును విచారింతము. సర్వమును భగవదధీనమైనచో మానవుడు ప్రయత్నించుట ఎందులకు? ప్రయత్నమే ఫలమిచ్చునన్నచో భగవంతుని ప్రార్థించుట ఎందులకు?

2017 సెప్టెంబరు 10వ తేదీన భారత నౌకాదళమునకు చెందిన ఆరుగురు మహిళాధికారులు గోవా నుండి ‘తారిణి’ అను తెరచాప నావపై భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వర్తికా జోషి వారికి నాయకురాలు. ప్రతిభా జామ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, విశాఖపట్టణపు ఆడపడుచు పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య తోడివారు. నావ పొడవు 55 అడుగులు మాత్రమే. ఒడిశాలోని గంజాం జిల్లాయందు వెలసిన తారాతారిణి అమ్మవారు నావికులకు ఇలవేల్పు. ఆ దేవి పేరే నావకు పెట్టిరి. తారిణి యనగా దాటించునది.

వారు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫాక్‌లాండు దీవులు, దక్షిణాఫ్రికాల మీదుగా సుమారు 21,600 నాటికల్ మైళ్లు, అనగా 40,000 కిలోమీటర్లు ప్రయాణించి, 254 దినముల పిదప 2018 మే 21న గోవా చేరిరి. న్యూజిలాండు విడచిన తరువాత 41 దినములు వారికి రేవు లేదు. పసిఫిక్ మహాసముద్రమున గంటకు 100 కిలోమీటర్లను మించిన గాలి, రెండంతస్తుల మేడయంత అలలు ఆ చిన్న నావను చుట్టుముట్టినవి. వంతులు వేసికొని రాత్రింబవళ్లు కాపు కాయుచు, 2018 జనవరి 18న దక్షిణ అమెరికా కొననున్న హార్న్ అగ్రమును చుట్టివచ్చిరి.

తెరచాప నావ నడక గమనింపదగినది. గాలి లేనిదే అది కదలదు. గాలి ఎదురైనచో సూటిగా పోజాలదు; ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు ఏటవాలుగా మళ్లుచు ముందుకు సాగవలెను. గాలి హెచ్చినప్పుడు తెరచాపను కుదింపవలెను. గాలిని పుట్టించుటగాని, ఆపుటగాని నావికుని చేతిలో లేదు. చాపను సవరించుట, చుక్కాని పట్టుట, నిద్ర వచ్చినను కన్ను మూయకుండుట, ఇవియే అతని వశము.

గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున ప్రతి కర్మకును ఐదు హేతువులు చెప్పినాడు. అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, ఐదవది దైవము. ఆ దైవమనగా అంతర్యామియైన పరమాత్మయే యనియు, కార్యసిద్ధికి ఆయనయే ప్రధాన హేతువనియు భగవద్రామానుజులు భాష్యమున వివరించిరి. ఐదింటిలో ప్రధానమైనది దైవమని చెప్పుటయే గాని, తక్కిన నాలుగును అక్కరలేదని చెప్పుట కాదు. చాప ఎత్తక గాలికై ప్రార్థించువాడు నాలుగు హేతువులను త్రోసివేయుచున్నాడు. రేవు చేరి గాలిని మరచువాడు ఐదవదానిని దొంగిలించుచున్నాడు. మొదటిది సోమరితనము, రెండవది అహంకారము. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు వైద్యుని పిలువక మ్రొక్కుతో సరిపెట్టు ఇల్లును, బిడ్డ కోలుకొనగానే మ్రొక్కు మరచు ఇల్లును మన నడుమనే ఉన్నవి.

పిల్లికూన తల్లి నోట కదలక యుండుట శరణాగతికి దృష్టాంతమని చెప్పుదురు గదా, అది సోమరితనము కాదా యని అడుగవచ్చును. కాదు. కూన విడిచినది ‘నన్ను నేనే రక్షించుకొందును’ అను భారమును. స్వామి సేవను కాదు. శరణాగతుడును చేయి కదలించును. ఆ చేతిని కదలించువాడు వేరొకడున్నాడని ఎరుగును.

ఈ ఎరుక కష్టకాలమున తెలియును. కేప్‌టౌన్ దాటి స్వదేశమునకు మరలివచ్చుచుండగా తారిణి చుక్కాని యంత్రాంగమున లోపము ఏర్పడెను. పంతమునకు పోక వారు మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవునకు మళ్లిరి. అది వారు ముందు అనుకొన్న మజిలీ కాదు. 2018 ఏప్రిల్‌లో అచట ఆగి, మరమ్మతు చేయించుకొని సాగిరి. తన శక్తికి హద్దు కలదని ఒప్పుకొనుటకు కార్పణ్యమని పేరు. ప్రపత్తికి అదియు ఒక అంగమే.

అయినను ఒక కఠినమైన ప్రశ్న మిగిలియున్నది. వీరు తిరిగివచ్చిరి, రానివారి మాట ఏమి? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో నిత్యము దీపము పెట్టిన ఇల్లాండ్రు లేరా? వారి భక్తిలో లోపమున్నదనుట మహాపచారము. ఒడ్డు చేరుటయే అనుగ్రహమునకు కొలత కాదు. ఒడ్డు చేర్చినవాడును, అలలలో మునిగినవాని హృదయమున నిలిచియున్నవాడును ఒక్కడే. ఎవరికి ఏది ఎందుకు సంప్రాప్తించెనో చెప్పు అధికారము మనకు లేదు. చేయు అధికారము మాత్రము కలదు. ఆ ఉప్పెన తరువాత తీరమున తుపాను ఆశ్రయ భవనములు లేచినవి, హెచ్చరిక ముందుగా అందు ఏర్పాట్లు పెరిగినవి. గతించినవారిని గూర్చి తర్కించుటకంటె ఉన్నవారిని కాపాడుట మేలైన కైంకర్యము.

కావున ప్రయత్నమును విడువరాదు, దానిని తనదనరాదు. ఉదయమున లేచి పనికి పూనుకొనునపుడు చుక్కాని పట్టినట్లు పట్టవలెను. రాత్రి పడుకొనునపుడు అది ఎవరి చేతిలోనిదో ఆయనకే అప్పగింపవలెను. గాలి అనుకూలించినను, ఎదురైనను, ఆ అప్పగింతకు లోటు రాకుండుటయే భక్తుని యాత్ర.