దేవుడి వెనకాల వేసిన అతుకు



కార్తీక మాసం దగ్గర పడుతోందంటే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "పూజగదిలో రంగురంగుల ఎల్ఈడీ లైట్లు పెట్టుకోవచ్చా? నూనె దీపం ఉన్నచోట అవి దోషమా?" శాస్త్రం ఏం చెప్తుందో పెద్దలు చెప్తారు, అది నా పని కాదు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. నాకు తెలిసింది ఆ లైట్లు కట్టడం వరకే. అది కూడా ఒకసారి తప్పుగా కట్టాను. ఆ తప్పులోంచి నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. ఎవరికీ కనపడని చోట "ఏం కాదులే" అనుకుని చేసిన పని, నిజంగానే ఏమీ కాకపోతే, తప్పు కాకుండా పోతుందా?

మా ఊరు అడవులదీవి. బాపట్ల జిల్లా, నిజాంపట్నం మండలం. ఉండేది హైదరాబాద్‌లో. పండక్కి డెల్టా ఎక్స్‌ప్రెస్ ఎక్కి రేపల్లెలో దిగి ఊరికి వెళ్తాం. పోయిన దీపావళికి వెళ్తూ అయిదేసి మీటర్ల స్ట్రిప్‌లు రెండు, రిమోట్, ఒక పెద్ద అడాప్టర్ కొనుక్కెళ్ళాను. పూజగదిలో మందిరం చుట్టూ ఒకటి, హాల్లో ఒకటి పెడదామని.

రెండో స్ట్రిప్‌కి వైరు చాల్లేదు. రేపల్లె వెళ్ళి తెచ్చుకోవచ్చు. బద్ధకించాను. ఇంట్లో పాత ఫోన్ డేటా కేబుల్ ఒకటి కనిపించింది. కోసి చూస్తే లోపల సరిగ్గా నాలుగు తీగలు. స్ట్రిప్‌కి కూడా నాలుగే కావాలి. దేవుడే పంపించాడు అనుకున్నాను. మెలిపెట్టి, టేపు చుట్టి, ఆ అతుకులు పటాల వెనక పరదా చాటుకి తోసేశాను.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. ఈ స్ట్రిప్‌లో ఒక్కో చుక్కలో మూడు చిన్న దీపాలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. నాలుగు తీగల్లో ఒకటి 12 వోల్టులది, మూడు రంగులకీ ఉమ్మడి. మిగతా మూడూ రంగుకొకటి. ఒక్క రంగు వెలిగితే ఉమ్మడి తీగ మీద ఒక్క రంగు బరువే. తెలుపు కావాలంటే మూడూ వెలగాలి, మూడింటి బరువూ ఆ ఒక్క తీగే మోయాలి. మీటరుకి 60 ఎల్ఈడీలుండే 5050 రకం స్ట్రిప్ అయిదు మీటర్లకి పూర్తి తెలుపులో 72 వాట్ల దాకా తీసుకుంటుంది. 12 వోల్టుల దగ్గర అది 6 ఆంపియర్లు. డేటా కేబుల్లో ఉండే వెంట్రుకల్లాంటి తీగలు అంత కరెంటు కోసం చేసినవి కావు.

"12 వోల్టులే కదా, షాకు కొట్టదు" అంటాం. నిజమే, కొట్టదు. కానీ వేడి పుట్టించేది కరెంటు, దానికి అడ్డుపడే వదులు అతుకు. 3 ఆంపియర్లు వెళ్ళే చోట అతుకు నిరోధం అర ఓమ్ ఉన్నా నాలుగున్నర వాట్ల వేడి పుడుతుంది. శనగగింజంత జాగాలో, గాలాడని చోట, గుడ్డ పక్కన, గంటల తరబడి.

ఇవన్నీ నాకు తెలియవా? తెలుసు. పైగా ఆ రోజే ఒక గుర్తు కూడా కనిపించింది. తెలుపు వేస్తే, హాల్లో స్ట్రిప్ చివరికొచ్చేసరికి లేత ఎరుపుగా వెలిగింది. ఎర్ర ఎల్ఈడీకి రెండు వోల్టులు చాలు, నీలానికీ ఆకుపచ్చకీ మూడు దాకా కావాలి. దారిలో వోల్టేజి పడిపోతే ముందు తగ్గేది ఆ రెండే. అంటే వైరు సన్నమని ఆ రంగే చెప్తోంది. అమ్మ చూసి, "చివర్లో సంధ్యలాగా ఎంత బాగుందిరా!" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ తప్పు అందంగా ఉండటం నాకు కలిసొచ్చింది.

తర్వాత హైదరాబాద్ వచ్చేశాను.

రెండు వారాలు ఏమీ కాలేదు. రోజూ ఒక్క నీలం రంగే వేసుకునేవాళ్ళట. కార్తీక పౌర్ణమి రోజు, వెన్నెల్లా ఉంటుందని అమ్మ సాయంత్రం నుంచి తెలుపు వేసి ఉంచింది. మర్నాడు ఫోన్. "నాయనమ్మ దీపం దగ్గర మాడు వాసన వచ్చిందిరా. లేచి చూస్తే పరదా అంచు కమిలిపోయి ఉంది. దేవుడి దయ, అంతటితో పోయింది. పెద్దదైపోయింది, చూపు ఆనట్లేదు కదా. ఇంక దీపం ముట్టించొద్దని చెప్పాం. లైట్లున్నాయిగా."

ఇంట్లోవాళ్ళని తప్పుపట్టలేం. నిప్పు దగ్గర వాసన వస్తే ఎవరైనా ముందు నిప్పునే అనుమానిస్తారు. నాయనమ్మ కూడా తనే తప్పు చేశాననుకుందట. ఒత్తి సరిగ్గా ఎగదోయలేదేమో అందట.

నాకు వెంటనే తెలిసిపోయింది అది ఒత్తి కాదని. "ముందు ఆ లైట్ల ప్లగ్గు తీసేయమ్మా, నేనొచ్చి చూస్తాను" అని మాత్రం అన్నాను. ఎందుకని అమ్మ అడగలేదు. నేను చెప్పలేదు. నాలుగు రోజులు చెప్పలేదు. ప్రమాదం తప్పించాను కదా, ఇంకేం కావాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ నాలుగు రోజులూ నాయనమ్మ కార్తీకంలో దీపం పెట్టలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. నా తప్పు ఎప్పుడు జరిగింది? పరదా కమిలినప్పుడా? అమ్మ ఆ రాత్రి కూడా నీలమే వేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. అప్పుడు నేను మంచివాణ్ణయిపోతానా? అతుకు అదే, తీగ అదే, నా మనసూ అదే. మారింది అమ్మ నొక్కిన బటన్ ఒక్కటే. కాబట్టి తప్పు ఫలితంలో లేదు. తెలిసి తెలిసి టేపు చుట్టిన ఆ నిమిషంలోనే ఉంది. ఏమీ జరగకపోతే అది అదృష్టం, అంతే. అదృష్టాన్ని మన మంచితనం ఖాతాలో వేసుకోకూడదు.

ఇంకో మాట. "పర్లేదు" అని నిర్ణయించుకుంది నేను. ఆ గదిలో రోజూ కూర్చునేది నాయనమ్మ. నా రిస్కు నేను తీసుకుంటే ధైర్యం అనొచ్చేమో. ఇంకొకరి రిస్కు, వాళ్ళకి చెప్పకుండా, వాళ్ళ తరఫున మనం తీసేసుకుంటే దాన్ని ఏమనాలి? ఆఫీసులో కూడా "తర్వాత సరిచేద్దాం" అని వదిలేసిన కోడ్ ఎంతో ఉంది. దాని వెనక కూడా ఎవరో ఒక నాయనమ్మ ఉంటుందని అంతకుముందు నాకు తట్టలేదు.

భగవద్గీత 17వ అధ్యాయం పేరే శ్రద్ధాత్రయ విభాగ యోగం. పదిమందికీ కనపడాలని చేసే యజ్ఞాన్ని రాజసం అన్నారు, విధి లేకుండా శ్రద్ధ లేకుండా చేసేదాన్ని తామసం అన్నారు. నా పది మీటర్ల లైట్లలో రెండూ ఉన్నాయి. కనపడేవైపు రాజసం, పరదా వెనక తామసం.

నూనె దీపానికి రోజూ శ్రద్ధ కావాలి. నూనె పోయాలి, ఒత్తి ఎగదోయాలి, పక్కన ఉండాలి. ఒకరోజు ఏమరుపాటుగా ఉన్నా రేపు సరిచేసుకోవచ్చు. ఎల్ఈడీ అలా కాదు. అది శ్రద్ధని ఒక్కసారే అడుగుతుంది, కట్టేటప్పుడు. అదీ ఎవరూ చూడని చోట. ఆ ఒక్కసారి ఇవ్వకపోతే తర్వాత ఎన్ని దండాలు పెట్టినా అతుకు బిగుసుకోదు. అందుకే లైట్లు పెట్టుకోవచ్చా అంటే, నా మటుకు నాకు పెట్టుకోవచ్చు అనే అనిపిస్తుంది. పూజ మాత్రం వెనకవైపు నుంచి మొదలుపెట్టాలి.

అయిదో రోజు ఊరెళ్ళాను. పాతవన్నీ పీకేసి, లావు వైరు లాగి, అతుకులు సోల్డరింగ్ చేసి స్లీవ్ వేశాను. ఫ్యూజు పెట్టాను. ఒక్కో స్ట్రిప్‌కి అడాప్టర్ నుంచి విడిగా లైను ఇచ్చాను. వైర్లన్నీ పరదాకి దూరంగా గోడవారకి జరిపాను. మీరూ పండక్కి ముందు ఒకసారి గంటసేపు తెలుపు వేసి, ప్లగ్గు తీసేసి, అతుకుల మీద వేలు పెట్టి చూడండి. కాలుతుంటే వాడకండి.

అదంతా తేలికైన పనే. కష్టమైంది నాయనమ్మ పక్కన కూర్చుని చెప్పడం. మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ముందే చెప్పుంటే ఆ నాలుగు రోజులూ పెట్టుకునేదాన్ని కదరా నాన్నా," అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు. పరదా కొత్తది కొన్నాం. వైరు కొత్తది వేశాం. ఆ నాలుగు సాయంత్రాలు మాత్రం తెచ్చివ్వలేను. ఆ రోజు చీకటి పడుతుంటే నాయనమ్మ ప్రమిదలో నూనె పోసింది. లైట్లు వేయమంటావా అని అడిగాను. "ఆగు, ముందు ఇది వెలగనీ," అంది.