యువజనుల యాదర్శము – సంఘధర్మము

యౌవనమునం దాదర్శములు కలుగుట సహజము. సంసారభారము మీద బడగానే యవి యడగిపోవుటయు లోకమున సామాన్యమే. అట్లయ్యును గొన్ని యాదర్శములు సంఘమునకు ధర్మములై నిలుచుచున్నవి. ఈ భేదమునకు హేతువేమి?

ఆవేశమే హేతువని కొందఱందురు. ఆవేశము గడ్డిమంట, దానిపై నన్న ముడుకదు. బ్రాహ్మసమాజ చరిత్రము వేఱొక సమాధానము చెప్పుచున్నది. 1857లో సమాజమున జేరునప్పటికి కేశవచంద్రసేనునకు నిరువదేండ్లు నిండలేదు. జాతిభేదమును ఖండించు సమాజమున జందెము ధరించినవారు వేదిక నెక్కి బోధింపరాదని యాతడును సహచరులును గోరిరి. అంత త్వర తగదని మహర్షి దేవేంద్రనాథులు తలంచిరి. 1866లో యువకులు వేఱు సమాజము నేర్పఱచుకొనిరి. వారి కృషివలన 1872లో వివాహశాసనము పుట్టెను. వరునకు 18, వధువునకు 14 ఏండ్లు నిండవలెనని యది విధించెను.

అసలు పరీక్ష యటుపిమ్మట వచ్చెను. 1878లో కేశవచంద్రుడు తన కుమార్తెను, బదునాలుగేండ్లు నిండకమునుపే, కూచబిహారు రాజున కిచ్చి వివాహము చేసెను. ఆ సంస్థానమున శాసనము వర్తింపదను మాట నిజమే, ధర్మమును వర్తింపదా? గురుభక్తికిని సత్యమునకును విరోధము గలిగినపుడు శివనాథశాస్త్రి, ఆనందమోహనవసువు మున్నగువారు సత్యమునే వరించి, యా మే నెలలో సాధారణ బ్రాహ్మసమాజమును స్థాపించిరి. ఏకవ్యక్తి యాజ్ఞచే గాక సభ్యుల సమ్మతిచే సమాజము నడువవలెనని నిబంధన చేసికొనిరి. కావున ఆదర్శము ధర్మమగుట, అది పరులకు బోధింపబడినపుడు గాదు. తన యింటను, దన గురువునెడలను నిలిచినపుడే.

మన దేశమునను నిట్లే జరిగెను. వితంతు వివాహశాసనము 1856లోనే పుట్టినను, రాజమహేంద్రవరమున నది గృహప్రవేశము చేయుటకు 1881 డిసెంబరు 11 దాక వేచియుండవలసివచ్చెను. వీరేశలింగము పంతులుగారు జరపిన యా వివాహమునకు విద్యార్థులు తోడు నిలిచిరి. పెండ్లిని జూచి హర్షించుట సులభము. ఆ యింట భుజించి బంధువులచే వెలివడుట కష్టము. ఆ కష్టమే శాసనమునకు బ్రాణము పోసినది.

విజ్ఞులారా! వరకట్నమును నిషేధించు శాసనము 1961లో వచ్చినది. కట్నము మాత్రము మన యిండ్లను విడువలేదు. కట్నమక్కఱలేదని కుమారుడు పలికినపుడు, నీకు లోకము తెలియదని తండ్రి యనును. లోకమనగా నెవరు? ఆ తండ్రియే కాడా? యువకుడు గట్టిగా నిలువవలెను. పెద్దలు త్రోవ నీయవలెను. అందఱ హృదయములందును వెలుగు పరమాత్ముడు మన కా ధైర్యము ననుగ్రహించుగాక!